అన్నం తినే ఇంట్లో గోధుమ పడని మనిషి

సీలియాక్ వ్యాధి అని తేలినవాళ్లు బతికున్నంత కాలం గోధుమ, బార్లీ, రై ముట్టకూడదు. డాక్టరు ఈ మాట చెప్పగానే ఉత్తరాది ఇళ్లలో కాళ్ల కింద నేల కదులుతుంది, రొట్టె లేని పూట అక్కడ ఉండదు కాబట్టి. అదే మాట హైదరాబాద్‌లో, బోడుప్పల్‌లోనో ఉప్పల్‌లోనో నాచారంలోనో వింటే చుట్టపక్కాలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. "ఇంతేనా, అన్నం తినొచ్చుగా" అంటారు. ఆ ఊరటలో నిజం లేకపోలేదు. అన్నం, పప్పు, పెరుగు, జొన్నరొట్టె, పెసరట్టు, ఇడ్లీ, వీటిలో వేటికీ సహజంగా గ్లూటెన్, అంటే గోధుమ, బార్లీ, రైలలో ఉండే ఆ ప్రోటీను, లేదు. అయితే ఈ వ్యాధి మీద ఇన్నేళ్లుగా పోగైన పరిశోధనను, మన వంటింటి అలవాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఊరటే సగం చిక్కులకు మూలమనిపిస్తుంది. అన్నం తినే ఇంట్లో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. బయటపడ్డాక పథ్యం మెల్లగా సడలిపోతుంది. "ఒక్క పూరీకి ఏమవుతుంది" అనే మాట రోజూ రొట్టెలు తినే ఇంట్లో కంటే మన ఇంట్లోనే ఎక్కువ వినిపిస్తుంది.

ఎవరికి పరీక్ష చేయించాలి, పథ్యం ఎంత కఠినంగా ఉండాలి, ఇల్లంతా గోధుమ మానాలా ఒక్కరు మానితే చాలా, ఆ శ్రమ ఎవరు మోయాలి అన్న ప్రశ్నలకు వైద్యులు, పోషకాహార నిపుణులు, రోగుల సంఘాలు వేరువేరు జవాబులు ఇస్తూ వచ్చారు. ఆ జవాబుల్లో ఎక్కువ భాగం రొట్టె తినే దేశాల్లో పుట్టినవే. మనకు అవి ఎంతవరకు సరిపోతాయో చూడాలి.

## రొట్టె కరవులో బలపడ్డ అనుమానం

ఈ వ్యాధికి ఆధునిక వైద్యంలో తొలి స్పష్టమైన వర్ణన 1887లో లండన్ పిల్లల వైద్యుడు శామ్యూల్ గీ చేసిన ఉపన్యాసం. మరుసటి ఏడాది అది అచ్చయింది. నయమంటూ అయితే ఆహారం వల్లే కావాలని ఆయన అప్పుడే చెప్పాడు కానీ ఏ ఆహారమో పట్టుకోలేకపోయాడు. 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టి పిల్లలను బతికించాడు. అందులో మేలు చేసింది అరటిపండు కాదు, ఆ పథ్యంలో రొట్టె లేకపోవడం. హాస్ మాత్రం పండుకే మహిమ ఉందని నమ్మాడు.

అసలు దోషిని పట్టుకున్నది హాలండ్ వైద్యుడు విల్లెం కారెల్ డికె. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశంలో రొట్టె దొరక్క జనం అలమటిస్తుంటే, సీలియాక్ ఉన్న పిల్లలు మాత్రం కోలుకున్నారని, రొట్టె మళ్లీ రాగానే జబ్బూ తిరిగొచ్చిందని చెబుతారు. కథ అంత నాటకీయంగా జరగలేదని, డికెకు యుద్ధానికి ముందే గోధుమ మీద అనుమానం ఉందని చరిత్ర రాసినవాళ్లు గుర్తుచేస్తారు. ఏమైనా 1950లో ఆయన సిద్ధాంత గ్రంథంతో సంగతి తేలిపోయింది. 1956లో మార్గో షైనర్ చిన్నపేగు నుంచి ముక్క తీసి పరీక్షించే మార్గం చూపింది. 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు శరీరం తన సొంత ఎంజైము ట్రాన్స్‌గ్లూటామినేజ్ మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని కనిపెట్టారు. ఇప్పుడు చేసే టీటీజీ రక్తపరీక్షకు పునాది అదే.

కాబట్టి ఇది అజీర్తీ కాదు, అలర్జీ కూడా కాదు. గ్లూటెన్ తగిలినప్పుడల్లా శరీరం తన చిన్నపేగును తనే దెబ్బతీసుకుంటుంది. పేగు లోపలి చూషకాలు అరిగి చదునైపోతాయి, ఇనుము, కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టవు. విరేచనాలు ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. కొందరిలో ఎన్ని మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత ఒక్కటే గుర్తు. కొందరు పిల్లలు ఎత్తు పెరగరు, అంతే.

## దక్షిణాదిలో లేదా, కనబడడం లేదా?

ఉత్తర భారత పిల్లల్లో సీలియాక్‌ను వివరించే వ్యాసం 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దక్షిణాది వైద్యులు ఆ రోజుల్లో మరో జబ్బుతో తలపడుతున్నారు. ట్రాపికల్ స్ప్రూ అనే ఆ వ్యాధి 1960ల మొదట్లో వెల్లూరు చుట్టుపక్కల ఊళ్లను ఊళ్లుగా పట్టింది. దానిలోనూ పేగు అరుగుతుంది, మనిషి చిక్కిపోతాడు. టెట్రాసైక్లిన్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే తగ్గేది. ఆ అనుభవం వల్ల "సీలియాక్ గోధుమ తినేవాళ్ల జబ్బు, మనకు వచ్చేది స్ప్రూ" అనే అభిప్రాయం ఒక తరం వైద్యుల్లో స్థిరపడింది.

ఈ వాదానికి అంకెల బలం 2016లో దొరికింది. ఢిల్లీ ప్రాంతం, అస్సాం, వెల్లూరు కలిపి 23,331 మంది ఆరోగ్యవంతులైన పెద్దలను పరీక్షించిన అధ్యయనం అది. ఉత్తరాదిలో ప్రతి వెయ్యిమందిలో 8.53 మందికి సీలియాక్ ఉంటే దక్షిణాదిలో 0.11 మాత్రమే. గోధుమ వాడకం కూడా అలాగే ఉంది: రోజుకు అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25. అయితే అదే అధ్యయనంలో మరో అంకె ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ వ్యాధి రావాలంటే ఉండాల్సిన డీక్యూ2, డీక్యూ8 జన్యురకాలు ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలోనూ 36.4 శాతం మందిలో ఉన్నాయి. అంటే విత్తనం రెండు చోట్లా ఒకటే, పడ్డ నీళ్లే వేరు.

ఇక్కడ నిపుణులు రెండుగా చీలతారు. అన్నం తినడమే మనకు రక్ష అని, రక్తహీనత ఉన్న ప్రతి తెలుగు మనిషికీ ఈ పరీక్ష రాస్తే డబ్బు దండగ అని ఒక వర్గం. గోధుమ పెరిగేకొద్దీ వ్యాధీ పెరుగుతుంది కనుక వెల్లూరు అంకెను నేటి నగరానికి అంటగట్టకూడదని మరో వర్గం. నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. 25 గ్రాములంటే సుమారు ఒక చపాతీకి పట్టే పిండి. షుగరు వచ్చిందని, బరువు పెరిగామని రాత్రి అన్నం మానేసి చపాతీలకు మారిన ఇళ్లు బోడుప్పల్ కాలనీల్లో వీధికి ఎన్నో ఉంటాయి. ఆ ఇంట్లో మనిషి రాత్రి మూడు చపాతీలు, పొద్దున ఉప్మా, సాయంత్రం బిస్కట్లు తింటే వెల్లూరు అంకెకు ఐదారు రెట్లు దాటేస్తాడు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లను చూసే డాక్టరు కూడా దక్షిణాదిలో ఈ జబ్బు అరుదని చదువుకున్నవాడే.

రక్తహీనత మనకు మామూలైపోవడం మరో అడ్డంకి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. అంతమందిలో ఒకామెకు కారణం పేగులో ఉందని ఎవరికి తోస్తుంది? ఐరన్ మాత్రలు రాస్తారు, ఆరు నెలల తర్వాత మళ్లీ రాస్తారు. మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే సీలియాక్ కోసం చూడాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న మాట. ఆ ఒక్క మాటైనా మన దగ్గర అమలైతే చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి నీరసం తప్పుతుంది.

## ఒకరికి తేలాక మిగతావాళ్ల సంగతి

రోగికి ఇల్లు చేయగల మొదటి సాయం తనను తాను పరీక్షించుకోవడం. ఒకరికి సీలియాక్ ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సగటున 7.5 శాతం మందికి ఉంటుందని 2015లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. తోబుట్టువులకు అది 8.9 శాతం. లక్షణాలు ఉన్న రక్తసంబంధీకులకు పరీక్ష చేయాలన్న దగ్గర భేదాభిప్రాయం లేదు. ఏ బాధా లేనివాళ్లకు చేయాలా అన్న దగ్గర ఉంది. బ్రిటన్ మార్గదర్శకాలు చేయమంటాయి. మామూలు జనాభా విషయంలో అమెరికా నివారణ వైద్య బృందం 2017లో ఆధారాలు చాలవంది. ఇటలీ 2023లో చట్టం చేసి పిల్లలందరికీ సీలియాక్, టైప్ 1 మధుమేహం పరీక్షలు చేసే దారిలో పడింది.

ఇక్కడ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. అన్నకు జబ్బు అని తేలగానే తమ్ముడికి కూడా గోధుమ మాన్పించేస్తారు. రెండు నెలల తర్వాత పరీక్షకు తీసుకెళ్తే యాంటీబాడీలు తగ్గిపోయి రిపోర్టు మామూలుగా వస్తుంది. ఇక అతనికి ఉందో లేదో తేలదు. పరీక్ష అయ్యేదాకా గోధుమ తింటూనే ఉండాలి. అన్నం ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అసలు తినేదే కొంచెం. జన్యుపరీక్ష మరో రకంగా పనికొస్తుంది. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని ఒకసారి తేలితే ఆ మనిషికి సీలియాక్ వచ్చే అవకాశం దాదాపు లేనట్టే, ఏటేటా రక్తం తీయించే పని తప్పుతుంది. ఉన్నాయని వస్తే మాత్రం భయపడాల్సిందేమీ లేదు, మన జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్నవే అవి.

పిల్లల్లో టీటీజీ పరిమితికి పదిరెట్లు దాటి, మరో యాంటీబాడీ కూడా కనిపిస్తే ఎండోస్కోపీ అక్కర్లేదని యూరప్ పిల్లల వైద్యులు 2012లోనే, మళ్లీ 2020లో చెప్పారు. పెద్దలకు అలా చేయవచ్చా అన్నది ఇంకా నలుగుతోంది. జీవితాంతం నడవాల్సిన పథ్యం కాబట్టి ముక్క పరీక్షతో ఖాయం చేసుకోవడమే మేలని, లేదంటే మూడేళ్ల తర్వాత "అసలు ఆ జబ్బు ఉందా" అని ఇంట్లోనే అనుమానం మొదలవుతుందని అనేవాళ్ల మాటలో పస ఉంది.

## ఒక్కరి పథ్యమా, ఇంటి పథ్యమా?

ఈ వాదంలో మూడు పక్షాలున్నాయి. గోధుమను ఇంటి గడప తొక్కనివ్వకూడదంటుంది మొదటిది. గోధుమకు ఒక మూల, మిగతా వంటకు ఒక మూల అని విడదీస్తే చాలంటుంది రెండోది. గిన్నెలు మామూలుగా తోముకుని, తినేవాడు జాగ్రత్తపడితే సరిపోతుందంటుంది మూడోది.

ఎంత గ్లూటెన్ హాని చేస్తుందన్న లెక్కే వీటన్నిటికీ ఆధారం. ఇటలీలో కార్లో కటాసి బృందం 2007లో చేసిన ప్రయోగంలో రోజుకు 50 మిల్లీగ్రాములు మూడు నెలలు తీసుకున్నవాళ్ల పేగు దెబ్బతింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపైతే చాలామందికి ఫరవాలేదని తర్వాత కుదిరిన అభిప్రాయం. గ్లూటెన్ లేదని అమ్మే ఆహారానికి కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దును అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ పెట్టింది, మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా అదే పాటిస్తుంది. మామూలు చపాతీ ఒకదానిలో రెండున్నర గ్రాముల దాకా గ్లూటెన్ ఉంటుంది. అంటే ఒక చపాతీలో యాభయ్యో వంతు, గోరంత ముక్క, రోజూ కడుపులోకి పోయినా పేగు మానదు. "ఒక్క పూరీకి ఏమవుతుంది" అన్న మాటకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

మరి గిన్నెలు? 2020లో వాషింగ్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ప్రచురించిన చిన్న అధ్యయనం కొంత భయం తీర్చింది. గోధుమ రొట్టెలు కాల్చిన టోస్టరులోనే కాల్చినా గ్లూటెన్ లేని రొట్టెల్లో గ్లూటెన్ హద్దు దాటలేదు. గోధుమ పాస్తా ఉడికిన నీళ్లలోనే గ్లూటెన్ లేని పాస్తా ఉడికిస్తే మాత్రం దాటింది. మన ఇంటికి అన్వయిస్తే, శుభ్రంగా తోమిన స్టీలు గిన్నెతో ప్రమాదం లేదు. పూరీలు వేగిన నూనెలో అప్పడాలు వేయించడం, చపాతీలు కాల్చిన పెనం మీద తుడవకుండా దోశ పోయడం, గోధుమపిండి చల్లిన పీట మీద జొన్నరొట్టె తట్టడం, ఇవి ప్రమాదం. పాత్రల పట్టింపు మనకు కొత్త కాదు. మడి, ఎంగిలి, నీచు గిన్నెలు వేరు అనే అలవాటున్న ఇళ్లలో ఒక పెనం, ఒక జల్లెడ, ఒక మూకుడు విడిగా ఉంచమంటే ఎవరూ వింతగా చూడరు.

కానీ ఇక్కడే ఒక కీడు పొంచి ఉంది. విడిగా పెట్టాల్సింది వండే పాత్రను, తినే మనిషిని కాదు. వేరే కంచం, వేరే గ్లాసు, వేరే మూల అనేవాటికి మన సమాజంలో ఉన్న చరిత్ర చిన్నది కాదు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలే ఈ కాలనీల్లో ఉంటున్నాయి. పదేళ్ల పిల్లకు విడిగా కంచం కేటాయిస్తే ఆమె నేర్చుకునేది ఆరోగ్య సూత్రం కాదు. తిన్న కంచం ద్వారా ఎవరికీ ఏదీ అంటదు, కడిగితే చాలు. అందుకని మన ఇళ్ల వరకు సరైన దారి మొదటి పక్షానికీ రెండో పక్షానికీ మధ్యలో ఉందనుకుంటాను. అందరూ కలిసి కూర్చునే పూట, మామూలుగా రాత్రి భోజనం, అందరికీ గోధుమ లేనిదే ఉండాలి. చపాతీకి బదులు జొన్నరొట్టె అయితే షుగరు ఉన్న నాయనమ్మకూ నష్టం లేదు. మిగతా పూటల్లో ఎవరి ఇష్టం వాళ్లది. రొట్టె తినే దేశాల్లో ఇల్లంతా మారాలంటే బోలెడు ఖర్చు. మనకు ఆ ఖర్చు లేదు. అన్నం తినే ఇంటికి ఉన్న నిజమైన సౌకర్యం ఇదే, దాన్ని వాడుకోవాల్సింది ఇక్కడే.

## కంటికి కనబడని గోధుమ

పూరీ, చపాతీ, బ్రెడ్, సేమ్యా, కాజాలు, మైదా బొబ్బట్లు, రంజాన్ నెలలో హలీం, ఇవి ఎవరికైనా తెలుస్తాయి. తెలియనివి వేరే ఉన్నాయి.

ముందు ఇంగువ. కొట్లో డబ్బాలో దొరికేది శుద్ధమైన ఇంగువ కాదు, కలిపిన ఇంగువ. అసలు ఇంగువ ఘాటును తట్టుకోలేం కనుక దానిలో బంకతో పాటు పిండి కలుపుతారు. చాలా రకాల్లో ఆ పిండి గోధుమదే, మైదా. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఒక పోపులో పడేది చిటికెడే, నలుగురికి పంచుకుంటే ఇంకా తక్కువ. కానీ పప్పులో, చారులో, పులిహోరలో, మజ్జిగ పులుసులో, మాగాయలో, ఇలా రోజుకు మూడు నాలుగుసార్లు పడుతుంది. "గోధుమ పూర్తిగా మానేశాం, అయినా టీటీజీ దిగడం లేదు" అనే తెలుగు ఇళ్లలో ముందు తిప్పి చూడాల్సింది ఈ డబ్బానే. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది.

తర్వాత గిర్నీ. బోడుప్పల్ సందుల్లో ఏ గిర్నీకి వెళ్లినా ఒకే రాయి మీద గోధుమలు, జొన్నలు, శనగపప్పు వరుసగా పడతాయి. ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్తే, ఆ తర్వాత పోసిన జొన్నల్లో తొలి గుప్పెళ్లలో గోధుమపిండే ఎక్కువ. జొన్నరొట్టె తింటున్నామని ధీమాగా ఉన్న ఇంట్లోకి గోధుమ ఈ దారినే వస్తుంది. బియ్యం పట్టించిన వెంటనే పోయమని అడగడం కొంత మేలు, ఇంట్లో చిన్న పిండి మర కొనుక్కోవడం పూర్తి మేలు. ప్యాకెట్లకూ ఇదే చిక్కు. దక్షిణ భారత మార్కెట్లో అమ్మే ధాన్యపు సరుకులను పరీక్షించి 2020లో వెలువరించిన ఒక అధ్యయనంలో గ్లూటెన్ లేదని ముద్ర ఉన్నవాటిలోనూ కొన్ని హద్దు దాటాయి, ఓట్స్‌లో ఎక్కువ భాగం దాటాయి.

ఇక రోగిని పలకరించడానికి వచ్చేవాళ్లు తెచ్చే హార్లిక్స్ సీసా. అది గోధుమపిండి, మొలకెత్తించిన బార్లీతో తయారయ్యేది. సీలియాక్ ఉన్నవాళ్లకు బలమని ఇచ్చేది సరిగ్గా ఆ జబ్బును రేపేదే. కాళ్లవాపుకు, మూత్రంలో మంటకు తాగించే బార్లీ నీళ్లూ అంతే. బీరూ అంతే. చైనీస్ బండి మీద సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది. కొన్ని టిఫిన్ సెంటర్లలో దోశ ఎర్రగా కాలాలని పిండిలో మైదా, బొంబాయి రవ్వ కలుపుతారు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది, రెండూ తెల్లగానే ఉంటాయి. హాస్టల్లో చదివే పిల్లకు ఈ తేడా తెలియకపోతే ఉప్మా రోజున తినేస్తుంది.

గుడిలో, చర్చిలో చేతిలో పెట్టే దాని గురించి ఎవరూ ఆలోచించరు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో, బెల్లంతో, నేతితో చేస్తారు. సత్యనారాయణ వ్రతం చేసుకున్న ఇంట్లో వద్దంటే తప్పుపడతారని కొంచెం నోట్లో వేసుకునేవాళ్లు ఎందరో. క్యాథలిక్ చర్చిలో అప్పం గోధుమదే అయి ఉండాలని, గ్లూటెన్ బొత్తిగా లేనిది చెల్లదని, బాగా తగ్గించినది చెల్లుతుందని వాటికన్ 2017లో మళ్లీ స్పష్టం చేసింది. ద్రాక్షారసం మాత్రమే తీసుకునే వీలు కూడా ఉంది. వ్రతం విషయంలో మనకు అలాంటి పీఠం లేదు. ఇంటి పెద్ద "కళ్లకు అద్దుకుని పక్కన పెట్టు తల్లీ" అని ఒక్క మాట అంటే చాలు.

ఊరట కలిగించేవీ ఉన్నాయి. సకినాలు, అరిసెలు, సర్వపిండి, పూతరేకులు బియ్యానివి. రాగి సంకటి, సజ్జరొట్టె, మక్క గటక, అటుకులు, బొరుగులు, అన్నీ తినొచ్చు. సంక్రాంతి పండుగ దాదాపు పూర్తిగా ఈ మనిషి పండుగే. వాళ్లకు అడ్డొచ్చేవి పుట్టినరోజు కేకు, పెళ్లి విందులో వరుసగా పెట్టిన స్వీట్లు.

## నాచారంలో తయారయ్యే పొడి

ఈ చర్చకు ఈ ప్రాంతంతో నేరుగా ముడిపడ్డ కొస ఒకటుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ కర్మాగారంలో తయారవుతుంది. నెలకు రెండున్నర కిలోల సంచి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె దాని సరుకులు. అన్నిటికంటే ఎక్కువ పాలు గోధుమదే. చాలా పేద ఇళ్లలో పిల్లల కడుపులోకి మొదటిసారి గోధుమ వెళ్లేది దీని ద్వారానే.

బాలామృతం లక్షల మంది పిల్లలకు బలం ఇస్తోంది, దాన్ని మాన్పించమని ఎవరూ అనకూడదు. ముందుగా గోధుమ పెడితే జబ్బు వస్తుందన్న భయానికీ ఆధారం గట్టిగా లేదు. 2014లో యూరప్‌లో చేసిన రెండు పెద్ద ప్రయోగాలు గ్లూటెన్ ఎప్పుడు మొదలుపెట్టారన్నదాని వల్ల గానీ తల్లిపాల వల్ల గానీ వ్యాధి ఆగదని తేల్చాయి. తొలి ఏళ్లలో ఎక్కువ గ్లూటెన్ తిన్న పిల్లల్లో ముప్పు ఎక్కువని 2019 నాటి ఒక అంతర్జాతీయ అధ్యయనం చెబితే, నాలుగో నెల నుంచే ఎక్కువ మోతాదులో పెట్టిన పిల్లల్లో వ్యాధి తగ్గిందని 2020లో బ్రిటన్ ప్రయోగం చెప్పింది. ఈ రెండూ ఇంకా పొసగలేదు.

ప్రశ్న వేరే ఉంది. బరువు పెరగని పిల్లకు మరింత బాలామృతం తినిపించమంటారు. నూటికి తొంభైతొమ్మిది మంది పైగా పిల్లలకు అది సరైన సలహా. ఎంత తినిపించినా పెరగక, పొట్ట ఉబ్బి, నీళ్ల విరేచనాలతో చిక్కిపోతున్న ఆ ఒక్క పిల్లను ఆపి టీటీజీ పరీక్షకు పంపే ఏర్పాటు ఉండాలి. ఉత్తరాదిలో తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో సీలియాక్ కోసం వెతికినప్పుడు దొరికిన దాఖలాలు ఉన్నాయి. అలా తేలిన పిల్లకు బియ్యం, రాగి, పప్పులతో చేసిన సంచి అదే అంగన్‌వాడీ నుంచి అందాలి. ఇటలీలో సీలియాక్ రోగులకు ప్రత్యేక ఆహారం కోసం ప్రభుత్వమే నెలనెలా కూపన్లు ఇస్తుంది. మనకు అంత అక్కర్లేదు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల బియ్యం వస్తూనే ఉంది. కావాల్సిందల్లా ఆ వయసు పిల్లకు వేరే సంచి ఒకటి.

## ఎవరి మీద బరువు

పరిశోధనల్లో కుటుంబం చాలా ఆలస్యంగా ప్రవేశించింది. మొదట్లో రోగి పథ్యం పాటిస్తున్నాడా లేదా అన్నదే లెక్క. స్వీడన్‌లో 2000ల మొదట్లో చేసిన అధ్యయనాలు సీలియాక్ ఉన్న స్త్రీలు పురుషుల కంటే ఎక్కువ భారం అనుభవిస్తున్నారని చూపాయి. 2014లో అమెరికాలో రోగులనే అడిగితే ఈ పథ్యం భారం డయాలసిస్ దశకు చేరిన కిడ్నీ రోగుల చికిత్స భారంతో పోల్చదగ్గదిగా చెప్పారు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. ప్రతి ముద్ద ముందు లెక్క వేసుకోవాల్సిన మనిషికే అది తెలుస్తుంది.

తెలుగు ఇంట్లో ఆడ, మగ తేడా మరీ స్పష్టం. రోగి భర్తో కొడుకో అయితే ఇంటి ఇల్లాలు లేబుళ్లు చదువుతుంది, విడిగా వండుతుంది, పెళ్లికి వెళ్తే డబ్బా కట్టి పంపుతుంది. రోగి ఆమే అయితే అందరికీ చపాతీలు ఒత్తి, చేతులకు పిండి అంటుకునే ఉండగా నిన్నటి అన్నం పెరుగుతో తిని లేస్తుంది. ఆమె పథ్యం కోసం ఇంటి వంట మారదు. ఈ వ్యాధి ఉన్నవాళ్లను ఆదుకోవడం గురించి రాసే సలహాలన్నీ వంట చేసేవాళ్లను ఉద్దేశించినవే, వంట చేసే మనిషే రోగి అయితే ఏం చేయాలో వాటిలో దాదాపు ఉండదు. జవాబు కష్టమైనది కాదు. రాత్రి చపాతీ కావాలనుకున్నవాళ్లు వాళ్ల చపాతీ వాళ్లు చేసుకోవాలి.

పెళ్లిచూపుల నాటికి ఈ సంగతి దాచే కుటుంబాలున్నాయి. ఆడపిల్ల విషయంలో మరీ. దాచి అత్తారింటికి పంపితే మొదటి నెలలోనే పథ్యం చెడుతుంది, కొత్త కోడలు పళ్లెంలో పెట్టింది వద్దనలేదు. పథ్యం సరిగ్గా పాటించే స్త్రీ ఆరోగ్యంగా ఉంటుంది, పిల్లల్ని కంటుంది. పాటించని స్త్రీలోనే గర్భస్రావాలు, రక్తహీనత ఎక్కువ. చెప్పడమే ఆమెకు రక్షణ.

అతి జాగ్రత్త చేటని చెప్పేవాళ్ల మాట కూడా వినాలి. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 2018లో వెలువడ్డ అధ్యయనంలో విపరీతమైన అప్రమత్తతతో బతికే కౌమార పిల్లలు, పెద్దలు తక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. ఎప్పుడూ బయట తినని, చుట్టాలింటికి వెళ్లని జీవితం ఆరోగ్యం కాదు. మరోవైపు సడలిస్తే పేగు మానదు. పదిహేనేళ్ల పిల్లాడు స్నేహితులతో బండి దగ్గరికి వెళ్లకుండా ఆపడం కంటే, మిర్చిబజ్జీ శనగపిండిది, మైసూర్ బజ్జీ మైదాది, కానీ రెండూ ఒకే నూనెలో వేగుతాయి అని వాడికే అర్థమయ్యేలా చెప్పడం మేలు. నిర్ణయం వాడి చేతికి రావాలి, ఎందుకంటే ఇంకో మూడేళ్లలో వాడు హాస్టల్లో ఉంటాడు.

## ఇంకా తేలనివి

ఓట్స్ సంగతి ఎటూ తేలలేదు. శుద్ధమైన ఓట్స్ చాలామందికి పడతాయని యూరప్, అమెరికా అంటే, ఆస్ట్రేలియాలో ఓట్స్ మీద గ్లూటెన్ లేదని ముద్ర వేయనివ్వరు. మన బజారులో దొరికేవి గోధుమతో కలిసేవే కాబట్టి ఈ వాదం తేలేదాకా వాటి జోలికి పోకపోవడమే మంచిది, అటుకులుండగా వాటి అవసరమూ లేదు. మందుల మీద ఆశ పెరిగి తగ్గింది. లారజోటైడ్ అనే మందు చివరి దశ ప్రయోగాలను 2022లో ఆపేశారు. ట్రాన్స్‌గ్లూటామినేజ్‌ను అడ్డుకునే మరో మందు గ్లూటెన్ తిన్నా పేగును కొంత కాపాడిందని 2021లో వెలువడింది, అది కూడా ప్రయోగాల దశలోనే ఉంది. సీలియాక్ లేకున్నా గోధుమ పడదనేవాళ్లలో అసలు కారణం గ్లూటెనేనా అన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఫ్యాషన్ కోసం గ్లూటెన్ మానేవాళ్లు పెరిగేకొద్దీ నిజమైన రోగి మాటను హోటలువాళ్లు, చుట్టాలు తేలిగ్గా తీసుకుంటున్నారు, అదొక నష్టం.

తెలుగువాళ్లకు సంబంధించిన అసలు ప్రశ్నలకు మాత్రం బయటి దేశాలు జవాబు చెప్పలేవు. చపాతీకి మారిన హైదరాబాద్‌లో ఈ వ్యాధి ఎంతమందికి ఉంది? మన పోపుల ద్వారా రోజుకు ఎంత గ్లూటెన్ కడుపులోకి పోతోంది? గిర్నీలో పట్టించిన జొన్నపిండిలో ఎంత గోధుమ కలుస్తోంది? వీటిని కొలవగల సంస్థలు ఈ నగరంలోనే ఉన్నాయి: తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఆ పక్కనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ. మూడో ప్రశ్నకైతే పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. బోడుప్పల్‌లో పది గిర్నీల నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుప్పెడు పిండి తెచ్చి పరీక్షిస్తే జవాబు వస్తుంది.